సగం గోలీ

వఫ్రా తోటల కరెంటు పోయిన రాత్రి
సుల్తాన్ లేవబోయి కూలబడ్డడు.
వెనుక కాళ్లు వాని మాట ఇంటలేవు.

పశువుల డాక్టరు చూపుకే ముప్పై దినార్లట.
నా జీతం తొంబై, రెండు నెల్లది రాలే.
నా నడుంనొప్పి గోలీ ఇయ్యబోతే
"కుక్కకది విషం భాయ్" అని
మందుల షాపు మలబారీ
వాని గోలీలు ఆరు లెక్కపెట్టి ఖాతాల రాసిండు.

పొద్దుగాల సగం, పండేటప్పుడు సగం.
ఖుబ్బూసుల దాస్తే
రొట్టె మింగి గోలీ ఉమ్మేస్తడు, దొంగ.
ఏరి, తుడిచి, పెరుగుల ముంచుత మళ్ల.

ఏసీ నీళ్లు కారేకాడ నేల చల్లగుంటదని
నా మంచం గూడ బయటేసిన.

"పైసలు తక్కువొచ్చినయేంది?" ఫోన్ల పోసాని.
రేటు పడ్డదన్న.
మంచం కింద తోక రెండుసార్లు కొట్టుకున్నది.

ఇంక నాలుగు సగాలున్నయి.