దిగుడు

ఫ్లైఓవర్ భవానీపురం వైపు వాలే చోట మా అపార్ట్‌మెంటు.
నేను దాని వాచ్‌మన్‌ని. పేరు బాజీ.
అందరూ బాబాయ్ అంటారు,
మోటారు పాడైన రోజు మాత్రం ఏయ్ అంటారు.

రాత్రి పదిన్నర దాటాక లారీలు దిగుతాయి.
దిగుతూ ఒక్కొక్కటీ మూలుగుతుంది.
హారన్ కాదది. సైలెన్సర్ పగిలిందీ కాదు.
ఎడమ కాలి కింద చిన్న బొత్తాం,
నొక్కితే పొగగొట్టం గొంతు మూసుకుంటుంది,
ఇంజను తన ఊపిరి తనే మింగి
చక్రాల్ని వెనక్కి పట్టుకుంటుంది.
నెత్తిన మోపుతో గట్టు దిగే మనిషి
పళ్ళ సందుల్లోంచి వదిలే గాలి ఎలా ఉంటుందో అలా.

కుర్చీలో కళ్ళు మూసుకునే చెప్తాను:
ఇది ఇబ్రహీంపట్నం బూడిద, పొడిపొడిగా దగ్గుతుంది.
ఇది జగ్గయ్యపేట సిమెంటు, రెండు టన్నులు ఎక్కువేశారు.
ఇది ఖాళీ బండి. కుర్రాడు. సరదాకి నొక్కుతున్నాడు,
వీణ్ణి దింపి చెవి మెలిపెట్టాలి.

మూడో అంతస్తులో నలభై రోజుల పిల్ల
ప్రతి మూలుగుకీ ఉలిక్కిపడుతుంది, నిజమే.
వాళ్ళమ్మ హిమజ పిల్లని భుజానేసుకుని
బాల్కనీలో తిరగడం కింద నుంచి చూస్తాను.
గోడ మీద నీడ ఇటూ అటూ.
ఆ నీడకి నేనేం చెప్పను,
ఘాట్ రోడ్ల గురించా?

ఆదివారం మీటింగయ్యాక సెక్రటరీ పట్టాభి గారు
పసుపు రేకు మీద ఎర్ర అక్షరాలు రాయించి తెచ్చారు:
ఇంజను బ్రేకు వాడరాదు.
కింద ఇంకా చిన్నగా, ఇట్లు నివాసులు.
"నిచ్చెనెక్కి స్తంభానికి కట్టు బాబాయ్."
కట్టాను. బైండింగు వైరు, మూడు చుట్లు.
లోడు మీద తాడు బిగించిన చెయ్యి ఇది,
ముడి ఊడదు.

మారేడుమిల్లి ఘాట్‌లో వెదురు లోడుతో దిగిన రోజు
నా బండికి ఆ బొత్తాం లేదు.
ఉండేది. వైరు తెగితే ఓనరు
"మోతే కదరా, దసరాకి చేయిద్దాం" అన్నాడు.
ఏడో మలుపులో పెడల్ మెత్తబడింది,
పెరుగులో కాలు పెట్టినట్టు.
లైనర్లు కాలిన వాసన కేబిన్లోకొచ్చి
మా ఇద్దరి మధ్యా కూర్చుంది.
ఏసోబు ఏమీ అనలేదు. అడ్డచెక్క తీసుకుని దూకాడు.
వెనక టైరు కిందికి చెక్క వెళ్ళింది.
బండి ఆగింది.
చెక్కతో పాటు వాడి కుడి పాదం కూడా
అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు వాడికి ఆటోనగర్లో పంక్చర్ల కొట్టు.
నిద్రపట్టని రాత్రిళ్ళు ఫోన్ చేస్తాడు.
మాటలేముంటాయి, ఉన్నవి ఎప్పుడో అయిపోయాయి.
నేను ఫోన్ రోడ్డు వైపు పడతాను.
మూలుగు వినపడగానే "ఆఁ, దిగాడు" అంటాడు,
ఎవడో ఎక్కడివాడో,
సొంత తమ్ముడు ఇంటికొచ్చినట్టు.

బోర్డు కట్టిన రాత్రీ చేశాడు.
రాజస్థాన్ బండికి తెలుగు రాదు, మామూలుగానే మూలిగింది.
ఆ తర్వాత మనవాళ్ళే వరసగా.
చదివారు. మర్యాదస్థులు.
పైన గోడ మీద నీడ లేదు. పిల్ల పడుకుంది.

"ఏంటి బాజీ, బళ్ళు లేవా?"
ఉన్నాయిరా.
"మరి?"

సిమెంటు బండి ఒకటి చప్పుడు లేకుండా జారి
ఎర్ర లైటు దాటి, గీత దాటి,
ఇంకో బారెడు ముందుకెళ్ళి నిలబడింది.
గాలి నా వైపే వీస్తోంది.
ఫోన్ ఇంకాస్త చాపాను.
చాపి, దించేశాను.
కాలిన లైనర్ల వాసన
ఫోన్లో వెళ్ళదు కదా.