నేలమీది కర్ర

కొర్లగుంటలో ఒక ఇంటి పని అయిపోగా
మిగిలిన ముప్పాతిక అంగుళం పైపులు,
రెండు టీలు, ఎండకి పసుపెక్కిన ఒక ఎల్బో.
మోకాలెత్తు కొలిచి కంచె బిగించినాను.
సెల్వి చూసింది. నవ్వలేదు.
అడ్డకర్ర తీసి నేలమీద పెట్టింది.

"ఎముక ఇంకా పచ్చిగా ఉండాది, మునిరత్నం.
సొల్యూషన్ ఆరకముందే నీళ్ళు వదుల్తావా నువ్వు?"

వదలను.
వదిలితే జాయింటు ఎట్లా ఊడొస్తుందో
తిరుపతిలో సగం మేడలకి తెలుసు.

పిల్ల పేరు బొరుగు.
ఆరంగుళాల పైపులో ఏదో అడ్డం పడిందని చెయ్యి పెడితే
నా వేలు కరుచుకొని బయటికొచ్చింది.
చేతిలో బరువే తెలీలేదని మా పాప పెట్టిన పేరు.

తుమ్మలగుంట దాటినాక చెనిక్కాయ పీకేసిన చేను.
సిమెంటు మీద వద్దంది సెల్వి:
దిగేటప్పుడు బరువంతా ముంగాళ్ళ మణికట్టు మీద పడుతుంది,
ఆ దెబ్బ మట్టి తీసుకోవాల.
పొద్దున ఐదున్నరకి
కొండ దారి దీపాలు ఇంకా ఆరవు.
ఆరు కర్రలు వరసగా నేలమీద,
కర్రకీ కర్రకీ మధ్య బొరుగు ఒళ్ళంత ఎడం,
చివర ఒక డబ్బా మూతలో ఉడికిన కోడి కార్జం.

"చేతిలో పట్టుకుంటే నీ చేతినే చూస్తుంది.
దూరంగా పెట్టు. దారి చూడనీ."

మొదటిరోజు ప్రతి కర్రనీ తొక్కింది.
మూడోరోజు ఒకదాన్ని నోట కరుచుకొని
చేనంతా ఊరేగించింది.
ముంగాళ్ళు దాటితే పని అయిపోయిందనుకుంటుంది పాపం,
వెనక కాళ్ళు
ఎవరో తోలుకొస్తా ఉండే బండి చక్రాలనుకుంటుంది.
అవీ నీవేనే అని
దానికి ఎట్లా చెప్పేది?
చెప్పలేం. కర్రలు కొంచెం ఎడం చేస్తాం,
కొంచెం దగ్గర చేస్తాం,
అది తడబడుతుంది, లెక్క పెట్టుకుంటుంది,
ఒక పొద్దున నడుము కిందికి కాళ్ళు లాక్కుంటుంది.

తర్వాత నిలువు పైపు చుట్టూ తిప్పడం.
ప్రదక్షిణం అన్నాను.
"భక్తి లేదు దీంట్లో" అంది.
"మెడ ముందు తిరగాల. ఒళ్ళు దాని వెనకాల రావాల."

పాకాల నుంచి ఒకాయన వచ్చినాడు, ఫోన్లో వీడియో చూపించినాడు.
అయిదు నెలల డాబర్‌మన్ పిల్ల
బైకు సీటు మీంచి దూకుతోంది.
"మీది ఇంకా నేల దాటలేదే?"

సెల్వి ప్యాంటు అంచు పైకి మడిచింది.
కుడి మోకాలి మీద జానెడు కుట్లు.
"పద్నాలుగేళ్ళకి జిల్లా ఫస్టు. హర్డిల్స్.
ఇప్పుడు మోకాళ్ళ పర్వతం పేరు విన్నా భయం నాకు."
మళ్ళీ అంచు కిందికి దించుకుంది.
ఆయనకి ఎంత అర్థమయిందో,
టీ తాగి పోయినాడు.

పద్నాలుగో నెలలో పశువుల ఆస్పత్రిలో ఎక్స్‌రే.
మణికట్టు దగ్గర ఉండే నల్లటి గీత
మూసుకుపోయిందన్నాడు డాక్టరు.
అతుకు ఆరిందన్నమాట.

మరుసటి పొద్దున నాలుగంగుళాలు లేపినాం.
మా పాప బడి ఎగ్గొట్టి వచ్చింది చూడ్డానికి.
బొరుగు పరిగెత్తింది,
ఆగింది,
పొట్ట నేలకి ఆనించి
కర్ర కిందుగా పాకి పోయి
కార్జం తినేసింది.

అప్పుడు నవ్వింది సెల్వి.
ఏడాదిలో ఆ నవ్వు నేను చూళ్ళేదు.
కూర్చోలేని మోకాలితోనే మట్టిలో కూలబడి నవ్వింది.

రెండోసారి ఎప్పుడు దాటిందో
ముగ్గురం సరిగ్గా చూడలేదు.
నేను మూత సర్దుతున్నాను, పాప చెప్పులు వెతుక్కుంటోంది.
తలెత్తేసరికి అది అవతల ఉంది, మూతి నాక్కుంటా.

మట్టి చూసినాం.
లేచిన చోట వెనక కాళ్ళ గుర్తులు రెండూ
పక్కపక్కన, లోతుగా.
దిగిన చోట తేలిగ్గా, ఒకదాని తర్వాత ఒకటి.
మధ్యలో కర్ర,
కర్ర కింద
ఎవరూ తొక్కని మట్టి.

సెల్వి జానలతో కొలిచింది ఆ ఖాళీని,
రెండున్నర.
చెయ్యి దులుపుకొని అంది:
"రేపు మళ్ళీ నేలమీదే పెట్టు."