తోలింకా కాగలేదు

గ్రీమ్స్‌పేటలో సైకిల్ షాపు మీది గది.
కిటికీ తీస్తే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాసన,
మూస్తే ఉడుకు.
వేలూరులో సెకండ్‌హ్యాండ్‌కి కొన్న సింథసైజరు
ఇస్త్రీ బల్ల మీద.
దానికి అరవై నాలుగు గళ్ళు, గడికొక టోను.
కంపెనీవాళ్ళు నింపి పంపినవన్నీ
ఏదో చలిదేశంలో కూచుని ఊహించిన వేణువులు.
ఒక్కొక్కటే చెరిపేస్తా వచ్చాను.

మొదట చేసింది పంబ.
ఇత్తడిదొకటి, చెక్కదొకటి,
నడుముకు జంటగా కట్టే పంబ.
రెండు అలలు తీసుకున్నా.
ఒకదాన్ని రవ్వంత పక్కకి జరిపా:
వియ్యంకుల మాదిరి ఒకే పంక్తిలో కూచోవాలి,
ఒకే విస్తట్లో తినకూడదు.
దెబ్బ పడగానే శ్రుతి కిందికి జారాలి,
గోడ మీంచి పిల్లి దూకినట్టు.
ఎంత జారాలి? ఎంతసేపు?
మూడు రాత్రులు గుండీ తిప్పి తిప్పి
బొటనవేలు నున్నబడింది.
కింద ఇంతియాజ్ ట్యూబుల్లోకి గాలి కొడతా ఉంటే
పైన నేను గాల్లోంచి తోలు తీస్తా ఉన్నా.

మొగిలప్పను పిలుచుకొచ్చా.
నడివీధి గంగమ్మ జాతరకు ముప్పై ఏళ్ళు పంబ కట్టిన మనిషి
లోపలికి రాకుండా మెట్టు మీదే కూచున్నాడు.
హెడ్‌ఫోను ఇస్తే ఒక చెవికి ఆనించుకుని
"ఎవురూ?" అన్నాడు.
కాసేపు విన్నాడు.
"కొట్టేది నేనే.
తోలింకా కాగలేదబ్బా.
మంట జూపించకుండా మొదులుపెడితే
అమ్మ లేస్తుందా?"

ఆ మాటకు ఇంకో వారం పట్టింది.
వెనకాల ఒక మందకొడి అలను దాచిపెట్టా,
వాయించే కొద్దీ శ్రుతి బిగుసుకునేట్టు.
ఏడు నిమిషాలకు గాని పూర్తిగా కాగదు.

పేరు రాయబోతే
ఆ తెరకు తెలుగు రాదు, ఎనిమిది అక్షరాలు దాటితే ఓపికా లేదు.
మొగిలప్పకు ఒక 'ప' ఎగిరిపోయింది.
"ఉండనీలే, నాకు మాత్రం చదువొచ్చా."

అడిగినోళ్ళందరికీ ఇచ్చా.
పలమనేరు ఆర్కెస్ట్రా దొరస్వామికి ఫ్లాపీలో,
పుంగనూరు చర్చిలో వాయించే సలోమికి కార్డులో.
కుప్పం శేషాచలం మెషినుకు ఏదీ పట్టదు,
ఫోనులో అంకెలు చదివా: కటాఫు నలభై ఒకటి, డికే పదిహేడు...
ఎవరిదో శుభలేఖ వెనక రాసుకున్నాడు.
"ఊరికే ఇస్తావా, అంత కష్టపడి?" అన్నారు కొందరు.
మొగిలప్ప నా దగ్గరేం తీసుకున్నాడని?

పోయిన మాఘంలో లోపలి బ్యాటరీ చచ్చింది,
రూపాయి బిళ్ళంతది.
స్విచ్చి వేస్తే అరవై నాలుగు గళ్ళలోనూ
ఆ చలిదేశపు వేణువులే తిరిగొచ్చి
వరసగా నిలబడి ఉన్నాయి.
నా ఫ్లాపీకి బూజు.

ఇచ్చినోళ్ళనే అడుక్కున్నా.
దొరస్వామి పంపినదాంట్లో ఏడు నిమిషాలు లేవు.
"తాళి కట్టే టయానికి కాగాలంటే యాడైతుంది నా?" అన్నాడు.
సలోమి దానికి గుడిగంటంత ప్రతిధ్వని తొడిగి
కీర్తన కింద పరిచింది.
శేషాచలం బస్సు కండక్టరు చేతికి శుభలేఖే ఇచ్చి పంపాడు.
డికే దగ్గర పసుపు మరక.
పదిహేడని నాకు గుర్తు లేదు అప్పుడు.
పందొమ్మిదిలా ఉంది. పందొమ్మిదే పెట్టా.

మళ్ళా మెట్టు మీద మొగిలప్ప.
దొరస్వామిది విని, "వీడికి బస్సు టైమైనట్టుంది."
సలోమిది విని, "ఎవురో ఏడస్తా కొడతా ఉండారు, పాపం."
మూడోది విని
చానాసేపు ఏమీ అనలేదు.

"ఇది నేను గాదు.
మా తమ్ముడు.
దెబ్బేసి చెయ్యి తీసేసేవాడు, మోగినంతసేపు మోగనీ అని.
తిట్టేవోణ్ణి."

పేరేందని అడిగా. చెప్పాడు.
వేళ్ళ మీద లెక్కబెడితే సరిగ్గా ఎనిమిది.

మొదటి గడిలో పదిహేడుతో అన్న,
రెండో గడిలో పందొమ్మిదితో తమ్ముడు.
రెండు చేతులూ పెట్టి వాయిస్తా ఉన్నా,
ఇంకా మెత్తగా ఉంది, రెండో నిమిషం కూడా కాలేదు.
మొగిలప్ప బీడీ ముట్టించుకుని
అగ్గిపుల్ల ఆర్పకుండా
చెయ్యి చాపి
స్పీకరు దగ్గర పట్టుకున్నాడు.