ఉండకూడని చోట

బల్లారట్‌లో జూలై రాత్రి. కిటికీ అద్దం మీద మంచు పొర.
పద్నాలుగో గది బెల్లు మోగితే
మంచినీళ్ళకేమో అనుకున్నాను.
"నీ రిపోర్టు ఇటు తే" అంది వినిఫ్రెడ్ టాలీ.
ముప్పయ్యొక్కేళ్ళు పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దిన చెయ్యి,
తొంభై దాటినా పెన్సిలు మొన మొద్దుబారలేదు.

నేను రాసింది ఇంతే:
హాలొరన్ గారు లేచి చెప్పులు వెతికి దొరక్క
గోడ పట్టుకుని బాత్రూముకి వెళ్ళబోయి జారి
కూలబడి నన్ను పిలిచి నవ్వారు.
ఇంగ్లీషులోనే రాశాను, నడక మాత్రం మనది.
"రన్-ఆన్" అంది. "ఊపిరెక్కడ తీసుకోను?"

ఏం చెప్పను,
మా క్రియలు ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని నడుస్తాయి,
చివరిది గడప దాటేదాకా ఏదీ చెయ్యి వదలదు.
అసమాపకం అని వాటికో పేరు కూడా ఉంది,
తప్పు అని కాదు.

కామాతో రెండు వాక్యాలు అతికిస్తే ఆమెకి ఒళ్ళు మండేది.
"గుండుసూదితో గోడలు నిలబెడతావా?"
ఆ తప్పు పేరు కామా స్ప్లైస్. వారం రోజులు నేను
కామా స్ప్లాష్ అన్నాను.
అదొక్కటి దిద్దలేదు, నవ్వుకుంది.

అపాస్ట్రఫీ దగ్గర గొంతు తగ్గించి
"ఇక్కడో అక్షరం ఉండేది" అనేది,
ఖాళీ అయిన మంచం చూపించినట్టు.
సంధి పేరు చెప్పి మేమూ అచ్చుల్ని మింగేస్తాం,
గుర్తుకి గులకరాయైనా పెట్టం.

సెమీకోలన్ నాకు రాలేదు. ఇప్పటికీ రాదు.

వాటిల్ చెట్లు పచ్చగా పూసిన సెప్టెంబరులో
ఆమె నోరు ఒక పక్కకి ఒరిగింది.
ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక మిగిలినవి
నాలుగైదు మాటలు.
"నీళ్ళు."
"కిటికీ."
"చలి."
ఒక్కోటి అనగానే కళ్ళు మూసుకునేది.
వేల ప్రూఫుల అంచుల్లో తానే గీకిన మాట
గుర్తొచ్చిందేమో: ఫ్రాగ్మెంట్.
కర్త లేదు, క్రియ లేదు, వాక్యం కాదు.

వంగి చెవిలో చెప్పాను,
మా ఊళ్ళో చలి అంటే చలే.
క్రియ కోసం ఎవరూ కాచుక్కూచోరు,
దుప్పటి తెస్తారు.
అర్థమైందో లేదో. దుప్పటి కప్పాను.

నిన్న రాత్రి రిపోర్టు ఆమె ఒళ్ళో పెట్టి
ఎడమ చేతికి పెన్సిలిచ్చాను.
చాలాసేపు చూసింది. మొన వణికింది.
మిసెస్ టాలీకీ, కళ్ళు తెరిచిందికీ మధ్య,
కర్తకీ క్రియకీ మధ్య, ఎన్నడూ ఉండకూడని చోట
ఒక కామా.

పొద్దున ఫియోనా కాగితం ఎత్తి పట్టుకుని
"ఇదేంటి వకుళా, ఇక్కడెందుకు?" అంది.
సరస్సు మీద పొగమంచు ఇంకా లేవలేదు.
నేను కోటు తొడుక్కుని సంచి తగిలించుకుని తలుపు తీసి
ఒకసారి పద్నాలుగో గదికేసి చూసి వెనక్కి తిరిగి
ఉండనీ అన్నాను