నాడి లెక్క

మొదటి నైట్ డ్యూటీ.
ఆరో మంచం మీది ముసలమ్మ
"పానం మంచిగ లేదు బిడ్డా" అన్నది.
మా దిక్కు ప్రాణం అంటే పోయేదే.
చెప్పుల్లేకుండ ఉరికి డాక్టరును లేపుకొచ్చిన.
ఆమెకు కావాల్సింది ఇంత చాయ.

వార్డంత నవ్వింది.
ఆ నవ్వులనే నా తెలుగు మొదలైంది.

నా పేరు ఏలియామ్మ.
పాలా దగ్గర, రబ్బరు చెట్ల నడుమ పుట్టిన.
హన్మకొండ నోట్లె పడి మూణ్నెల్లకే ఎల్లమ్మనైన.
"ఎల్లమ్మ సిస్టర్, సూది నువ్వే ఎయ్యాలె" అని
చెయ్యి చాపేటోళ్లకు ఏమని దిద్దుతం?
జేబు మీది పలకల మాత్రం
నా అక్షరాలు నాకున్నయి.

మా ఊళ్లె మే ఆఖరుకల్లా వాన.
ఇక్కడ తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టు.
మొగులు దిక్కు చూసుడు బందువెట్టి
ఉల్లిగడ్డ జేబులేసుకొని నడుసుడు నేర్చుకున్న.
జొన్నరొట్టె కొట్టుడు ఇప్పటికీ రాదు.
చాపల పులుసుల చింతపండు ఎయ్యను,
కొడంపులి ఊరికెల్లి తెచ్చుకుంట.
పొగవాసనని ముక్కు మూసుకునే పక్కింటి చంద్రకళ
గిన్నె మాత్రం నాకి పంపుతది.

మేము పూలను నేల మీద పరుస్తం,
వీళ్లు నిలువుగ పేరుస్తరు.
బతుకమ్మ నాడు చప్పట్లు తప్పిన, అడుగు తప్పలేదు.
ఆదివారం చర్చిల మోకరిస్తే
గోళ్లల్ల ఇంకా గునుగుపూల రంగు.
కడుక్కోబుద్ధి కాలేదు.

కొన్ని రాత్రులు
వరంగల్ స్టేషన్ల ప్లాట్‌ఫారం టికెట్ కొని నిలబడేదాన్ని.
కేరళ బండి రెండు నిమిషాలాగేది.
కిటికీలకెల్లి ఎవరో ఎవర్నో నా భాషల తిట్టేది.
ఆ తిట్టు కొంగుల ముడేసుకొని ఇంటికొచ్చేదాన్ని.

ఊరికి పోతే చెల్లె నవ్వుతది:
"నీ మలయాళం కారమైంది చేచీ."

ముప్పై నాలుగేండ్లు.
కలలు సుత ఓరుగల్లు తెలుగులనే వస్తయి.
కానీ మణికట్టు మీద మూడు వేళ్లువెట్టి
గడియారం దిక్కు చూస్తె
ఒన్ను, రండు, మూన్ను...
ఆరు కాడ రెండు భాషలు ఒక్క మెట్టు మీద నిలబడతయి,
ఏడుకు మళ్ల విడిపోతయి.
మార్చి చూసిన. లెక్క తప్పింది.
తప్పు లెక్కతోని మనిషిని కాపాడలేం.

మొన్న కొత్తగొచ్చిన ట్రైనింగు పిల్ల,
తాడ్వాయి అడవి దిక్కుది, వజ్జ సమ్మక్క,
నా పెదవులు చూసి అడిగింది
ఏ భాషల లెక్కవెడుతున్నరు మేడం అని.
చెప్పిన.
తలుపు దిక్కు చూసి, గొంతు తగ్గించి
"నాకు పదిదాంక కోయల వస్తది, ఆపైన తెలుగే" అన్నది
దొంగతనం ఒప్పుకున్నట్టు.
హాస్టల్ల ఎవరికీ చెప్పలేదట.

ఆరో మంచం తాత ఎడమచెయ్యి నేను పట్టి
కుడిచెయ్యి ఆమెకిచ్చిన.
పది చాలు బిడ్డా,
అయిపోంగనే మళ్ల ఒకటికి రా.
బయటికే లెక్కవెట్టు.

నిమిషమైంది.
నాకు డెబ్బై రెండు. ఆమెకు డెబ్బై నాలుగు.
తాత కండ్లు తెరిచి
"ఇద్దరు ఏం మంత్రాలు సదువుతాన్రు?
ఇంత చాయన్న పోయుండ్రి" అన్నడు.