ఏడో సంతకం

బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు,
జిరాక్స్ షాపు పైన గది.
బల్ల నిండా కాగితాలు, టీ గ్లాసులు బరువు పెట్టి.

"ట్రస్టయితే రాసింది రాసినట్టే ఉండిపోద్ది,
మార్చాలంటే కోర్టు మెట్లెక్కాలి" అంది ప్రసూనాంబ.
కంపెనీ అయితే, లాభం వద్దన్న కంపెనీయే అయినా,
ఏటేటా ఆడిటరుకు లాభం.
ఇంకొకరి గొడుగు కిందికి దూరదామంటే
గొడుగు బెంగళూరులో, వాన ఇక్కడ.

జకరయ్య మాట్లాడలేదు.
మూడేళ్లుగా విరాళాలన్నీ వాళ్లావిడ సేవింగ్స్ ఖాతాలోనే.
మొన్న బ్యాంకులో అడిగారట, ఏం వ్యాపారమమ్మా అని.
"తెలీదండీ, ఊరికే ఇచ్చేది" అందట.

చివరికి సొసైటీ అన్నాం.
ఏడుగురుండాలి.
బొమ్మలు గీసిన తెనాలి పిల్లని కలిపినా ఆరుగురమే.

మార్చి నెల. యార్డు గేటు దాటకముందే దగ్గు.
ఎర్రటి టిక్కీల నడుమ సైదులు.
ఒక్క లైను కోడ్ రాసినవాడు కాదు.
కొత్త పల్చటి గోతానికి
పాత గోతం బరువే తీసేస్తోంది మీ 'తూకం',
టిక్కీకి పావుకిలో రైతుది పోతోందని
ఫోను చేసి మమ్మల్ని తిట్టిన మొదటి మనిషి.

"డబ్బులొస్తే పంచుకుంటామా?"
లేదు.
"పోతే నా మీద పడుద్దా?"
పడదు.
"మరి సంతకమెందుకు?"
ప్రసూనాంబ చట్టంలో మాట వెతుక్కుంటుంటే
తనే అన్నాడు:
"మా ముఠా మా తాత నాటిది.
మేస్త్రీలు ముగ్గురు పోయారు.
టిక్కీ ఒక్కరోజు నేల మీద ఆగలా.
అట్టాంటిదేనా?"
అట్టాంటిదే అన్నాం, తుమ్ముల మధ్య.
"మేస్త్రీని దించే దారి రాశారా మరి?"

రాయలేదు.
ఆ రాత్రి పదకొండో నిబంధన కొట్టేసి
తెల్లారేదాకా కూర్చున్నాం.

ఆఖరి పేజీలో ఒక ఖాళీ:
సంఘం రద్దయిన నాడు ఆస్తి ఎవరికి చెందవలెను?
కోడ్ ఎప్పుడో అందరికీ ఇచ్చేశాం.
మిగిలింది ఓ పాత సర్వరు, టేబుల్ ఫ్యాను,
నాలుగువేల మూడొందల పది రూపాయలు,
'తూకం' అనే పేరు.
పేరు దగ్గర పెన్ను ఆగింది.
పంచితే పలచబడేది అదొక్కటే.
సైదులు ముఠాకి రాద్దాం అన్నాడు జకరయ్య.
ముఠాకి రిజిస్ట్రేషన్ లేదు.

ఖాళీ అలాగే ఉంచి ఆఫీసుకి పట్టుకెళ్లాం.
ఏడో సంతకం పక్కన ఎర్రటి బొటనవేలి మరక.
గుమస్తా దాన్ని గోటితో గీకి చూసి,
అదే చేత్తో కళ్లు నులుముకుని,
ఖాళీ సంగతి అడగడం మర్చిపోయి
కారే కళ్లతోనే ముద్ర వేశాడు.