కందిబేడంత

పెన్న ఊళ్ళోకొచ్చి పోయిన వారానికి
కోవూరు ఆడవాళ్ళంతా నా రోలింగు కొట్టుకే వచ్చారు,
సంకల్లో తడి మూటలతో.
బియ్యం పోయిందనీ టీవీ పోయిందనీ
ఆఫీసరు దగ్గర రాయించుకున్నారు.
పెళ్ళిచీరకి మాత్రం ఆ కాయితంలో గడి లేదంట.

పట్టు మీద ఒండ్రు అప్పడంలా ఎండుద్ది.
గోటితో గీకకూడదు.
తడపాలి, ఆగాలి, మళ్ళీ తడపాలి.
ఆగేటప్పుడే వాళ్ళు మాట్లాడేది.

పెంచలమ్మ చీరలో పమిట ఒక్కటే మిగిలింది.
మిగతాదంతా ముగ్గురు పిల్లలకి ఉయ్యాలై,
మూడోవాడి ఉచ్చకి జరీ నల్లబడి,
కడాన మసిగుడ్డ అయిందంట.
"ఈ రవంతకి ఎంత తీసుకుంటావు మే?"
ఏం తీసుకోను.

గ్రేసమ్మది తెల్లచీర. ఇప్పుడు టీ డికాషను.
పాస్టరుగారు ప్రార్థన సాగదీస్తే
కళ్ళు తిరిగి పెళ్ళికొడుకు బూట్ల మీద పడిందంట.
నవ్వతా నవ్వతా ఆగి,
"ఆ బూట్లు కూడా కొట్టకపొయ్యాయి" అనింది.

ఇంకొకామె పేరు చెప్పలా.
మడత ఇప్పకుండా శుభ్రం చెయ్యమనింది.
అట్టా కుదరదమ్మా అన్నా.
అయితే వద్దులే అని పట్టుకుపోయింది.

"నీదేం రంగు కామాక్షీ?"
అడిగింది పెంచలమ్మే.

మాది పాటూరు.
నూలు షావుకారుది, జరీ షావుకారుది,
మా నాయనవి కాళ్ళూ చేతులూ.
నా ముహూర్తానికి మగ్గం దిగింది
వంగపండు రంగు చీర, అంచు నిండా మామిడిపిందెలు.
"అప్పగింతలయ్యేదాకా కట్టనీ,
చీకటి పడేలోగా మడతేసి పంపించు" అన్నాడు షావుకారు.
మంచోడే. బాడుగ అడగలా.

తలంబ్రాలప్పుడు అమ్మ నా ఒళ్ళో తువ్వాలు పరిచింది.
ఒరగబాకు, నలపబాకు, ఏడిస్తే కాటుక కారుద్ది, ఏడవబాకు.
కంట్లో చుక్క లేకుండా బండెక్కిన పెళ్ళికూతురని
మా అత్తగారి ఊళ్ళో శానా కాలం చెప్పుకున్నారు.
నైలెక్సు చీరలో ఎక్కానని కూడా.

ఆ రాత్రి అమ్మ దీపం కాడ కూర్చుని
బియ్యపుగింజలు ఒక్కొక్కటే ఏరిందంట.
ఒకటి ఏరలేకపోయింది:
కుచ్చిళ్ళ కాడ, అంచుకి బెత్తెడు పైన,
కందిబేడంత పసుపు.
మూడో మడతలోకి పోయేట్టు మడిచి
నెల్లూరు చిన్నబజారుకి పంపించారు.
ఎవరు కొన్నారో. ఎవరి పెళ్ళో.

ఇరవైరెండేళ్ళు.
ఈ రోలరు మీదకి వంగపండు చీర ఎక్కితే
మూడో మడత కాడ నా చెయ్యి ఆగుద్ది.
అవతలి కొస పట్టుకున్న నా కూతురు
"ఏందమ్మా, చిరిగిందా?" అంటది.

పెంచలమ్మకి ఇదంతా చెప్పలా.
వంగపండు రంగు, అన్నా.
"నీకు బాగుంటది" అనింది,
తడి పమిట మొహానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూస్తా.

వరద చీరల్లోనూ అది రాలా.

మొన్న కొట్టుకి కొత్త బోర్డు రాయించా.
గంజి, రోలింగు, ఫాల్సు, పీకో.
ఒండ్రు మరకలు, టీ మరకలు, సిరా, తుప్పు.
పెయింటరు పిల్లోడు కుంచె ఎత్తి,
"పసుపు మరక రాయమన్లేదే అక్కా, మరిచిపోయావా?"

అది రాదులే అబ్బయా, అన్నా.